లేని కుర్రాడికి వచ్చిన ఉత్తరం

అమెరికాలో ఫారెల్స్ అనే ఐస్‌క్రీమ్ పార్లర్లు ఒకప్పుడు చాలా ఊళ్లలో ఉండేవి. పేరు, చిరునామా, పుట్టిన తేదీ ఒక చీటీ మీద రాసిస్తే పుట్టినరోజునాడు పిల్లలకి ఐస్‌క్రీమ్ ఊరికే ఇచ్చేవాళ్లు. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఇద్దరు అన్నదమ్ములకి ఏడాదికి రెండు ఐస్‌క్రీములు చాల్లేదు. జానీ క్లోంబర్గ్ అని ఇంకో కుర్రాణ్ణి కల్పించారు. వాడికో పుట్టిన తేదీ కట్టబెట్టి, తమ ఇంటి చిరునామా రాసి, చీటీ ఇచ్చేశారు. ఏళ్లు గడిచాయి. 1984లో ఆ ఇంటికి జానీ క్లోంబర్గ్ పేరు మీద ఒక ప్రభుత్వ కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. పద్దెనిమిదేళ్లు వచ్చిన మగపిల్లలంతా సైనిక సేవ కోసం పేరు నమోదు చేయించుకోవాలి, నువ్వూ చేయించుకో అని దాని సారాంశం.

కూపీ లాగితే తేలిందేమిటంటే, నమోదుకాని కుర్రాళ్లని వెతికే పనిలో ఉన్న సెలెక్టివ్ సర్వీస్ అనే ఆ సంస్థ ఫారెల్స్ పుట్టినరోజుల జాబితాని డబ్బిచ్చి కొనుక్కుంది. జానీకి బడి లేదు, ఆసుపత్రి రికార్డు లేదు, లైబ్రరీ కార్డు లేదు. వాడు ఉన్నది ఆ ఒక్క చీటీలోనే. కాబట్టి సమాచారం ఎక్కణ్ణుంచి పొక్కిందన్న విషయంలో ఎవరూ బుకాయించడానికి వీల్లేకపోయింది.

జాబితాల వ్యాపారంలో ఉన్నవాళ్లకి ఈ కిటుకు కొత్తది కాదు. చిరునామాల జాబితాలని వాళ్లు ఎక్కువగా ఒక్కసారి వాడుకోవడానికి అద్దెకిస్తారు. తీసుకున్నవాడు చెప్పకుండా రెండోసారి వాడితే పట్టుకోవడానికి మధ్యమధ్యలో కొన్ని దొంగపేర్లు చల్లుతారు. ఆ పేర్లకి వెళ్లే ఉత్తరాలు జాబితా సొంతదారు మనుషులకే చేరతాయి. సరుకుని కాపాడుకునే తెలివి ఈ వ్యాపారానికి మొదటినుంచీ ఉందన్నమాట. సరుకైపోయిన పిల్లల్ని కాపాడాలన్న ఆలోచన మాత్రం చాలా ఆలస్యంగా, అదీ బయటివాళ్లు మెడలు వంచితేనే వచ్చింది.

పాతబడని సరుకు

పెద్దవాళ్ల వివరాలు తొందరగా పాతబడతాయి. ఇల్లు మారతారు, ఉద్యోగం మారతారు. కారు కొనేసినవాడు కారు ప్రకటనకి ఇంక పనికిరాడు. పిల్లల సంగతి వేరు. పుట్టిన తేదీ ఒక్కటి దొరికితే ఆ ఇంట్లో రాబోయే ఇరవై ఏళ్లపాటు ఏ ఖర్చు ఎప్పుడొస్తుందో వరసగా రాసుకోవచ్చు. 2011 జులైలో పుట్టిన పాప, ఒక ఏడు అటూఇటూగా, 2027 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాస్తుంది. 2029లో ఇంటర్ అయిపోయి ఎంట్రన్స్ రాస్తుంది. ఆ తర్వాత హాస్టలు, ల్యాప్‌టాప్, చదువు కోసం బ్యాంకు రుణం. ఈ లెక్క వేయడానికి కృత్రిమ మేధ అక్కర్లేదు, క్యాలెండరు చాలు.

మన ఇళ్లలో పదో తరగతి పరీక్షలు దగ్గరపడే రోజుల్లో ఫోన్లు ఎందుకు మోగుతాయో ఇందులోనే ఉంది. "మేడం, బాబు టెన్త్ కదా, ఇంటర్ ఎక్కడ అనుకుంటున్నారు?" అని అవతలి గొంతు అడుగుతుంది. బాబు టెన్త్ అని ఆవిడకి ఎవరు చెప్పారు? ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. ఏడేళ్ల కిందట ఎగ్జిబిషన్‌లో లక్కీ డ్రా కూపన్ మీద బాబు వయసు రాశాం. డ్రాయింగ్ పోటీకి పేరిచ్చినప్పుడు తరగతి రాశాం. టాలెంట్ టెస్టు ఫారంలో తండ్రి ఫోన్ నంబరు రాశాం. ఆ నంబరు మిగతా రెండు కాగితాల మీదా ఉంటుంది కాబట్టి మూడింటినీ అదే ఒకచోట ముడివేస్తుంది. విడివిడిగా చూస్తే వీటిలో రహస్యమంటూ ఏదీ లేదు. అందుకే "అందులో దాచాల్సిందేముంది" అన్న మాట వినడానికి సబబుగా ఉంటుంది. అమ్ముడుపోయేది దాచాల్సిన విషయం కాదు, ఆ ఇంటి అవసరం ఎప్పుడొస్తుందన్న కబురు.

పేరు తీసేస్తే సరిపోతుందా

కంపెనీలు చెప్పే మొదటి సమాధానం ఇది: మేం పేర్లు తీసేసి వాడతాం, ఎవరి వివరాలో ఎవరికీ తెలియదు. ఈ మాటకి ఎంత బలముందో అమెరికన్ శాస్త్రవేత్త లటాన్యా స్వీనీ తేల్చింది. మసాచుసెట్స్ రాష్ట్రం 1990లలో తన ఉద్యోగుల ఆసుపత్రి రికార్డులను పేర్లు తీసేసి పరిశోధకులకి ఇచ్చింది. అప్పటికి ఇంకా విద్యార్థిని అయిన స్వీనీ 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జ్ ఊరి ఓటర్ల జాబితా కొని, రెండింటినీ పక్కపక్కన పెట్టింది. ఆ రాష్ట్ర గవర్నర్ విలియం వెల్డ్ వైద్య రికార్డు ఏదో బయటపడింది. పుట్టిన తేదీ, ఆడా మగా, జిప్ కోడు: ఈ మూడు తెలిస్తే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడివిడిగా గుర్తుపట్టే వీలుందని 2000లో ఆమె లెక్కగట్టింది.

ఇదే లెక్క మన పిల్లలకి వేసి చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు వాళ్లు సుమారు 44 కోట్లు. దేశంలో పిన్‌కోడులు 19 వేలకు పైగా. అంటే సగటున ఒక పిన్‌కోడులో 23 వేలమంది పిల్లలు. పద్దెనిమిదేళ్లలో రోజులు సుమారు 6,570. ఆడ, మగ అని రెండుగా చీల్చితే 13 వేల పైచిలుకు గళ్లు. ఆ 23 వేలమందిని ఈ గళ్లలో సర్దితే గడికి సగటున ఇద్దరు కూడా పడరు. కూకట్‌పల్లిలో ఇంకొందరు ఎక్కువ పడతారు, ఏజెన్సీ ఊళ్లలో చాలా గళ్లు ఖాళీగానే ఉంటాయి. పుట్టిన తేదీ, పిన్‌కోడు ఉన్న జాబితాలో బడి పేరు కూడా ఉంటే ఇంక పేరు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

రెండో సమాధానం ఇంకొంచెం గంభీరంగా ఉంటుంది. ఫోన్ నంబర్లు మేం ఎవరికీ ఇవ్వం, హ్యాష్ చేసి ఇస్తాం అంటారు. హ్యాష్ అంటే ఒక గణిత సూత్రం. మన నంబరు అందులో వేస్తే అర్థంపర్థం లేని పొడవాటి అక్షరాల వరస బయటికొస్తుంది. ఆ వరసని పట్టుకుని వెనక్కి వెళ్లి నంబరు తెలుసుకునే దారి సూత్రంలో లేదు. ఇంతవరకు నిజమే. అయితే ఒకే నంబరుకి ఎప్పుడూ ఒకే వరస వస్తుంది, ఎవరు వేసినా అదే వస్తుంది. కోచింగ్ సంస్థ తన దగ్గరున్న పదివేల నంబర్లని హ్యాష్ చేసి ఒక సోషల్ మీడియా కంపెనీకి పంపుతుంది. ఆ కంపెనీ తన ఖాతాదారుల నంబర్లనీ అదే సూత్రంలో వేసి పోల్చి చూస్తుంది. కలిసినవాళ్ల ఫోన్లలో ప్రకటన వాలుతుంది. నంబరు చేతులు మారలేదు, పని మాత్రం పూర్తయింది.

వెనక్కి వెళ్లే దారి లేకపోయినా ముందునుంచి అన్ని దారులూ తిరిగి చూడొచ్చు. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9లతో మొదలయ్యే పదంకెలు. మొత్తం కలిపి 400 కోట్లకు మించవు. పిల్లలు గేములాడుకునే కంప్యూటర్లో ఉండే మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకి కొన్ని వందల కోట్ల హ్యాష్‌లు వేయగలదు. ఉన్న నంబర్లన్నిటికీ వరసలు తయారుచేసి పెట్టుకుంటే ఏ వరస ఎవరిదో వెతుక్కోవడమే మిగులుతుంది. మామూలు ఫోన్ నంబరుకి హ్యాష్ వేయడం తలుపు తీసిపెట్టి తాళం చెవి దాచుకున్నట్టే.

ఇక ఫోన్‌లో ఆడుకునే గేముల సంగతి. కార్టూన్ బొమ్మల గేమయినా దాని లోపల ఆ గేము తయారుచేసినవాడు రాయని కోడ్ కొంత ఉంటుంది. ప్రకటనల కంపెనీలు తయారుచేసి ఇచ్చిన ఆ ముక్కలు ఫోనుకున్న ప్రకటన గుర్తింపు సంఖ్యనీ, ఏ యాప్ ఎంతసేపు తెరిచి ఉందన్నదీ చేరవేస్తుంటాయి. ప్రకటన కనపడబోయే ముందు, కన్నుమూసి తెరిచేలోగా, ఆ ఖాళీ జాగా కోసం వేలం జరుగుతుంది. పాట పాడబోయే కంపెనీలన్నిటికీ ఎవరు చూస్తున్నారన్న వివరం ముందే అందుతుంది. గెలిచేది ఒక్కరే. ఓడినవాళ్లు కూడా ఆ వివరం చూసేశారు. ఈ వేలంలో ఓడడానికే కూర్చుని సమాచారం పోగేసుకునేవాడు ఉండడని ఎవరు హామీ ఇవ్వగలరు?

చట్టం వెనకాల పరుగెత్తడం

1996లో లాస్ ఏంజెలెస్ టీవీ విలేకరి ఒకరు ఈ వ్యాపారాన్ని పరీక్షించి చూశారు. మెట్రోమెయిల్ అనే పెద్ద జాబితాల కంపెనీకి ఆర్డరిచ్చి, అయిదు వేలకు పైగా పిల్లల పేర్లు, వయసులు, చిరునామాలు కొన్నారు. ఆర్డరిచ్చినప్పుడు వాడిన పేరు సొంతది కాదు. ఒక బాలిక హత్య కేసులో కాలిఫోర్నియా అంతా ఛీకొడుతున్న ముద్దాయి పేరు. పేరు చూసి ఎవరూ ఉలిక్కిపడలేదు, సరుకు వచ్చేసింది. ఆ ఏడాదే పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా అమ్మకూడదన్న బిల్లు అమెరికన్ ప్రతినిధుల సభకొచ్చింది. చట్టం కాలేదు. కాగితం జాబితాల వ్యాపారులు అప్పటికి బయటపడ్డారు.

చట్టం వచ్చింది ఇంటర్నెట్ మీద. కిడ్స్‌కామ్ అనే వెబ్‌సైట్ పిల్లల్ని ఇష్టాయిష్టాలు అడిగేది, జవాబు చెబితే కిడ్స్‌క్యాష్ అనే ఉత్తుత్తి డబ్బులిచ్చేది. దాని మీద ఫిర్యాదు ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి వెళ్లింది. 1998లో ఆ కమిషన్ పిల్లల కోసం పెట్టిన 212 సైట్లు తెరిచి చూస్తే 89 శాతం పిల్లల నుంచే వ్యక్తిగత వివరాలు రాబడుతున్నాయి. అమ్మానాన్నలని అడగమని పిల్లలకి చెప్పినవి నాలుగో వంతు కూడా లేవు. ఆ ఏడాది అక్టోబరులోనే కాపా అనే చట్టం వచ్చింది, 2000 ఏప్రిల్ నుంచి అమలైంది. పదమూడేళ్లలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఫలితం ఊహించదగ్గదే. పదమూడేళ్లు నిండినవాళ్లకే ప్రవేశం అని సైట్లు బోర్డు పెట్టాయి, పదేళ్ల పిల్లలు పుట్టిన సంవత్సరం మార్చి రాయడం నేర్చుకున్నారు.

ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనదిగా తోచేది టాయ్‌స్మార్ట్ కథ. ఇంటర్నెట్‌లో బొమ్మలమ్మిన ఈ కంపెనీలో పెద్ద వాటా డిస్నీది. మీ వివరాలు ఎన్నటికీ ఎవరికీ ఇవ్వం అని తన సైటులో రాసిపెట్టుకుంది. 2000లో దివాలా తీసింది. అప్పులవాళ్లకి పంచడానికి ఆస్తులు వెతికితే గోడౌన్లో బొమ్మలతోపాటు ఇంకొకటి దొరికింది: కొన్నవాళ్ల జాబితా, వాళ్ల పిల్లల పేర్లు, పుట్టినరోజులు. దాన్ని అమ్మకానికి పెడుతూ వాల్ స్ట్రీట్ జర్నల్‌లో ప్రకటన వేశారు. ఇవ్వనన్న మాట కంపెనీది, ఆ కంపెనీయే లేదు, ఇంక ఎవరిని అడగాలి? కమిషన్ కోర్టుకెక్కింది. రాష్ట్రాలూ అడ్డుపడ్డాయి. చివరికి 2001 జనవరిలో డిస్నీ అనుబంధ సంస్థ ఒకటి 50 వేల డాలర్లు ఇచ్చి ఆ జాబితాని నాశనం చేయించింది. జాబితాకి డబ్బిచ్చింది వాడుకోవడానికి కాదు, లేకుండా చేయడానికి. పిల్లల సమాచారానికి నిజమైన రక్షణ ఏదంటే నేను ఈ ముగింపునే చూపిస్తాను. అనుమతి పత్రాలు, గోప్యతా విధానాలు, హామీలు అన్నీ కంపెనీ బతికున్నన్నాళ్లే, అదీ దానికి డబ్బు అవసరం పడనన్నాళ్లే. జాబితా మాత్రం కంపెనీ కంటే ఎక్కువకాలం బతుకుతుంది.

ఆ తర్వాత జరిమానాలు పెరుగుతూ పోయాయి. పిల్లల వీడియోలు చూసేవాళ్లని వెంటాడి ప్రకటనలు చూపినందుకు 2019లో గూగుల్, యూట్యూబ్ కలిసి 17 కోట్ల డాలర్లు కట్టాయి. ఫోర్ట్‌నైట్ గేము తయారుచేసిన ఎపిక్ గేమ్స్ 2022లో కాపా ఉల్లంఘనకి 27.5 కోట్ల డాలర్లకి ఒప్పుకుంది. అదే ఏడాది పిల్లల బరువు తగ్గించే కర్బో యాప్ కేసులో జరిమానా 15 లక్షల డాలర్లే అయినా, అక్రమంగా తీసుకున్న సమాచారంతోపాటు దానితో తయారుచేసిన అల్గారిథమ్‌లని కూడా తుడిచేయాలన్నారు. పెద్ద అంకెల కంటే ఈ చిన్న కేసే గట్టిది. యూరప్ ఇంకో దారి పట్టింది. మైనర్లని వాళ్ల అలవాట్ల ఆధారంగా ఎంచి ప్రకటనలు చూపకూడదని 2024 ఫిబ్రవరి నుంచి ఆన్‌లైన్ వేదికలకి నిషేధం. అమ్మానాన్నలు సరేనన్నా కుదరదు.

లాభాపేక్ష లేని సంస్థలైతే నయం అనుకోనక్కర్లేదు. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో హైస్కూలు పిల్లలున్న తెలుగువాళ్లకి కాలేజ్ బోర్డ్ పేరు బాగా తెలుసు, శాట్ పరీక్ష పెట్టేది అదే. బడిలోనే పరీక్ష రాసిన న్యూయార్క్ విద్యార్థుల వివరాలని రుసుము తీసుకుని కాలేజీలకి ఇచ్చిందని ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ తేల్చారు. ఒక్క 2019లోనే 2,37,000 మందికి పైగా. 2024 ఫిబ్రవరిలో బోర్డు ఏడున్నర లక్షల డాలర్లు కట్టి, ఆ పద్ధతి మానుకుంటానంది.

సైబరాబాద్ పోలీసుల పట్టిక

2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు ఏడుగురిని అరెస్టు చేశారు. 16.8 కోట్ల మంది వివరాలు వాళ్ల దగ్గర అమ్మకానికి ఉన్నాయని ప్రకటించారు. సరుకు 140కి పైగా రకాలుగా విడదీసి పెట్టి ఉంది. రక్షణ ఉద్యోగులు, పాన్ కార్డుదారులు, వాళ్ల పక్కనే నీట్ రాసే విద్యార్థులు: పేరు, తండ్రి పేరు, ఫోను, చిరునామా. వారం తిరిగేసరికి ఇంకొకణ్ణి పట్టుకున్నారు. ఈసారి లెక్క 66.9 కోట్లు. అందులో ఆన్‌లైన్ చదువుల కంపెనీల విద్యార్థులు కూడా ఉన్నారు. అంతకుముందు డిసెంబరులోనే జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ అధ్యక్షుడు, ఆన్‌లైన్ చదువుల కంపెనీ బైజూస్ పిల్లల, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు కొంటోందని బహిరంగంగా ఆరోపించారు. కంపెనీ కాదంది.

కరోనా కాలంలో బడులు ఫోన్‌లోకి వచ్చాక ప్రభుత్వాలు సిఫారసు చేసిన చదువు యాప్‌లని హ్యూమన్ రైట్స్ వాచ్ పరిశీలించింది. 49 దేశాల్లో 163 యాప్‌లు, సైట్లు చూసి 2022లో నివేదిక ఇచ్చింది. మన ప్రభుత్వపు దీక్ష యాప్ కూడా అందులో ఉంది. పిల్లల హక్కులకి భంగం కలిగించే తీరులో సమాచారాన్ని వాడేవో, వాడే ప్రమాదమున్నవో 89 శాతం. 1998లో వచ్చిన అంకె కూడా 89 అని గుర్తుండే ఉంటుంది. రెండూ కొలిచింది ఒకే విషయం కాదు, కాబట్టి ఇది కాకతాళీయమే. అయినా కొంచెం ఇబ్బందిగా ఉంటుంది.

మన చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో తొమ్మిదో సెక్షన్ పిల్లల కోసమే. పిల్లలంటే పద్దెనిమిదేళ్లలోపు వాళ్లు, అమెరికాలోలాగా పదమూడు కాదు. తల్లిదండ్రుల అనుమతి రుజువుతో సహా ఉండాలి. పిల్లల్ని వెంటాడటం, వాళ్ల ప్రవర్తనని గమనించడం, వాళ్లకి గురిపెట్టిన ప్రకటనలు చూపడం కుదరదు. తప్పితే 200 కోట్ల రూపాయలదాకా జరిమానా. చదువు అవసరాల మేరకు, పిల్లల భద్రత మేరకు విద్యాసంస్థలకి నియమాల్లో మినహాయింపు ఉంది. చదువు అవసరం ఎక్కడ ఆగుతుంది, వ్యాపారం ఎక్కడ మొదలవుతుంది అన్నది ఆ సంస్థలే తేల్చుకుంటే మాత్రం ఆ గీత ఎటు జరుగుతుందో చెప్పనక్కర్లేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకో సందు. మనంతట మనం అందరికీ కనపడేలా పెట్టిన సమాచారానికి ఈ చట్టం వర్తించదు. పిల్లల విషయంలో "మనం" అంటే తల్లిదండ్రులు కూడా. అంటే కూతురి పుట్టినరోజు ఫొటో, బడి బ్యాడ్జి, ఊరి పేరు కలిపి ఫేస్‌బుక్‌లో పబ్లిక్‌గా పెట్టిన తండ్రి ఆ మేరకు బిడ్డని చట్టం గొడుగు కిందనుంచి బయటికి తెచ్చేసినట్టే. ఇక తెలుగునాట ఫలితాల రోజు సంగతి చెప్పేదేముంది? పత్రికల మొదటి పేజీ నిండా కాలేజీల ప్రకటనల్లో పిల్లల ఫొటోలు, పేర్లు, మార్కులు, కింద హాల్‌టికెట్ నంబర్లు. చాలా ఫలితాల సైట్లలో ఆ నంబరు కొడితే మిగతాది వచ్చేస్తుంది. ప్రకటన కోసం పిల్లల సమాచారాన్ని వాడుకోవడం ఇంతకంటే బాహాటంగా ఎక్కడ జరుగుతుంది? పదహారేళ్ల పిల్లకి వద్దనే అవకాశం ఎవరిచ్చారు? దీన్ని మనం గౌరవంగా తీసుకుని ఫ్రేము కట్టించుకుంటున్నాం.

జానీ క్లోంబర్గ్‌ని పుట్టించిన కిటుకు తల్లిదండ్రులూ వాడుకోవచ్చు. జీమెయిల్‌లో మీ పేరుకి ప్లస్ గుర్తు తగిలించి ఏ పదం రాసినా ఉత్తరం మీకే వస్తుంది. డాన్సు క్లాసు ఫారంలో ప్లస్ డాన్స్ అని, టాలెంట్ టెస్టుకి ప్లస్ టెస్ట్ అని రాయండి. రేపు ముక్కూమొహం తెలియని కంపెనీ ఆ చిరునామాకి ఉత్తరం పంపితే ఎవరు ఇచ్చారో తెలిసిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగుల్లో ప్రకటన గుర్తింపు సంఖ్యని తుడిచేసే వీలుంది, పిల్లలాడే ఫోన్‌లో ఆ పని చేయండి. ఇవన్నీ చిన్న ఉపాయాలే, వ్యాపారాన్ని ఆపవు. ఆపేది ఒక్కటే, అక్కర్లేని జాబితా పుట్టకుండా చూడటం.

మన చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. తొమ్మిదో సెక్షన్‌తో సహా ముఖ్యమైన బాధ్యతలకి పద్దెనిమిది నెలల గడువిచ్చారు, అంటే 2027 మే దాకా. అంతవరకూ ఉన్నది 2011 నాటి పాత నియమాలు. అవి సున్నితమైన సమాచారమని చెప్పే పట్టికలో పాస్‌వర్డులు, బ్యాంకు వివరాలు, వైద్య రికార్డులు ఉన్నాయి. పిల్లల పేరు, తరగతి, పుట్టిన తేదీ, తండ్రి ఫోన్ నంబరు లేవు. అడ్మిషన్ ఫారంలోనో పోటీ ఫారంలోనో ఆ గళ్లు కనిపించినప్పుడు ఇది ఎందుకు, ఎన్నాళ్లు ఉంచుకుంటారు, ఎప్పుడు చించేస్తారు అని అడగండి. సమాధానం రాకపోతే గడి ఖాళీగా వదిలేయండి.